గోదావరి డెల్టాలో మీ మొదటి డాక్యుమెంటరీ: కొబ్బరి తోట నుంచి తెర దాకా

నాకు వచ్చే మెసేజ్‌ల్లో సగం ఒకే ప్రశ్న. "డాక్యుమెంటరీ తీయాలని ఉందండి, ఏ కెమెరా కొనమంటారు?" దానికి జవాబు నాలుగో మెట్టులో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అసలు సినిమా నిలబడేదీ పడిపోయేదీ మొదటి మూడు మెట్ల మీద, తర్వాత ధ్వని మీద. అందుకే అక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

చెప్పడానికి వీలుగా ఒకే ఉదాహరణ పట్టుకుందాం: కోనసీమలో ఒక కొబ్బరి తోట, ఒక దింపు (చెట్టెక్కి కాయలు దించడం), పది పన్నెండు నిమిషాల సినిమా. మీది ఉప్పాడ మగ్గం కావచ్చు, నరసాపురం లేసు అల్లకం కావచ్చు, ఆత్రేయపురంలో పూతరేకు తీసే కుండ కావచ్చు. మెట్లు మాత్రం ఇవే.

1. పెద్ద విషయం వదిలి ఒక పని పట్టుకోండి

"కొబ్బరి రైతుల కష్టాలు" అంటే వ్యాసం రాయొచ్చు గానీ కెమెరా ఎక్కడ పెట్టాలో మీకే తెలియదు. అదే "ఈ తోటలో ఈసారి దింపు" అనుకోండి. చెట్టెక్కడం, గెల నరకడం, కాయలు ఏరి రాశి పోయడం, ఒలుపు (పీచు తీయడం), బేరం, లారీ కదలడం. మొదలూ చివరా ఉన్నాయి, కళ్లకు కనబడుతున్నాయి. కష్టాలు ఆ పనిలోంచి వాటంతటవే బయటికొస్తాయి, ఎవరూ కెమెరా ముందు నిలబడి చెప్పక్కర్లేదు.

మీరు అనుకున్న పనికి ఈ పరీక్ష పెట్టండి:

☐ ఇది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపించగలనా?
☐ మధ్యలో తేలాల్సింది ఏమైనా ఉందా? (ధర కుదురుతుందా, వాన పడేలోపు కాయ లారీ ఎక్కుతుందా)
☐ ఆ పని చేసే ఒక్క మనిషి వెంట రోజంతా ఉండగలనా?
☐ పదిసార్లు వెళ్లిరాగలిగినంత దగ్గరలో ఉందా?

చివరిది చాలామంది వదిలేస్తారు. మీ ఇంటికి ఇరవై నిమిషాల్లో ఉన్న మామూలు తోట, నూటయాభై కిలోమీటర్ల అవతల ఉన్న అద్భుతం కన్నా మంచి సినిమా ఇస్తుంది. మామూలు తోటకి మీరు మళ్లీ వెళ్తారు కాబట్టి.

2. గోడ మీద క్యాలెండర్ వేలాడదీయండి

డెల్టాలో పనులు నీటిని బట్టి, పంటను బట్టి నడుస్తాయి. మీ సెలవులు చూసుకుని షూటింగ్ పెట్టుకుంటే అక్కడ ఏమీ జరగదు.

దింపు ఒక్కో తోటలో నెలన్నర, రెండు నెలలకోసారి వస్తుంది. ఒకటి తప్పితే అంతకాలం ఆగాలి. దీన్నే మనకు లాభంగా మార్చుకోవచ్చు: మొదటి దింపుకి కెమెరా లేకుండా వెళ్లి చూడండి, రెండోదానికి తీయండి, మూడోదానికి మిగిలిపోయిన షాట్లు తీయండి. అంటే మూడు నాలుగు నెలలు. మొదటి సినిమాకి అది ఎక్కువేం కాదు. అదే కురిడీ (లోపలే ఎండిన కొబ్బరి) కథ తీయాలనుకుంటే కాయ అటక మీద నెలల తరబడి ఎండుతుంది, దానికి తగ్గట్టు ప్లాన్ వేసుకోండి.

మిగతావాళ్ల కోసం కొన్ని గుర్తులు. సార్వా (ఖరీఫ్) నాట్లు, వరదలు, పులస చేప ఇవన్నీ జూలై నుంచి సెప్టెంబరు లోపు ఒకదాని మీద ఒకటి పడతాయి. దాళ్వా (రబీ) కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు, అప్పుడు పడవ, రేవు షాట్లు దొరకవు. జగ్గన్నతోట ప్రభల తీర్థం (జాతర) కనుమ రోజు ఒక్కటే, మళ్లీ ఏడాదికే.

వరద సమయంలో లంకల్లో (నది మధ్య దీవుల్లో) తీసేవాళ్లు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం రోజూ చూసుకోవాలి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే షూటింగ్ ఆపి కాజ్‌వే ఇవతలికి వచ్చేయండి. అక్కడివాళ్లకి సామాను సర్దుకోవడమే పెద్ద పని, మధ్యలో మిమ్మల్ని కాపాడే పని పెట్టకండి.

3. మొదట ఖాళీ చేతులతో వెళ్లండి

కనీసం మూడుసార్లు. జేబులో ఒక నోట్‌బుక్కు, పెన్ను చాలు.

మొదటిసారి ఊరికే కూర్చోండి. రెండోసారి పని వరుస రాసుకోండి: ఎవరు ముందొస్తారు, టీ ఎప్పుడు తాగుతారు, ఎండ రాశి మీదకి ఎన్నింటికి వస్తుంది. మూడోసారి మాటలు రాసుకోండి. చెట్టెక్కేటప్పుడు కాళ్లకు వేసుకునే తాడుని ఏమంటారు, ముదురు కాయని ఎలా పోలుస్తారు, పనికిరాని కాయకి ఏ పేరు. ఊరూరికీ మారే మాటలివి. రేపు ఇంటర్వ్యూలో వాళ్ల మాటతోనే ప్రశ్న అడిగితే జవాబు వేరేగా వస్తుంది.

తర్వాత అనుమతి. ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకండి. కొన్నేళ్ల క్రితం ఒక దింపు కార్మికుడితో తీశాను. ఆయన ఒప్పుకున్నాడు, నాకు అంతే చాలనిపించింది. తోట ఎవరిదో వాళ్లకి విషయం సరిగ్గా చెప్పలేదు. కూలి గురించి ఆయన అన్న ఒక్క మాటని నేను వీడియోలో ఉంచి నెట్‌లో పెట్టాను. తర్వాతి దింపుకి ఆయన్ని పిలవలేదు. నేను వీడియో తీసేశాను గానీ ఆయన పోగొట్టుకున్న రోజులు నేను తిరిగి తేలేకపోయాను. అప్పటి నుంచి ఎవరి మాట వల్ల ఎవరికి నష్టం జరగొచ్చో ముందే కాగితం మీద రాసుకుని, ఆ మనిషితోనే కూర్చుని మాట్లాడతాను.

☐ పనిచేసే మనిషి, తోట యజమాని, కాయ కొనే వ్యాపారి: ముగ్గురికీ విడివిడిగా చెప్పారా?
☐ సినిమా ఎక్కడెక్కడ చూపిస్తారో (యూట్యూబ్, ఫెస్టివల్, ఊళ్లో) స్పష్టంగా చెప్పారా?
☐ తెలుగులో అర పేజీ అంగీకార పత్రం చదివి వినిపించి, ఒప్పుకున్నట్టు కెమెరాలో కూడా చెప్పించారా?
☐ "ఈ ముక్క వద్దండి" అంటే తీసేస్తానని మాటిచ్చారా?

డబ్బు సంగతి. మాట్లాడినందుకు డబ్బివ్వకండి, మాట మారిపోతుంది. కానీ లెక్కన కూలి తీసుకునే మనిషిని "ఇంకోసారి ఎక్కండి" అని ఆపితే ఆ పోయిన కూలి మీరు ఇవ్వాల్సిందే. ఈ సంగతి మొదటి రోజే మాట్లాడుకోండి, చివర్లో అయితే ఇద్దరికీ ఇబ్బంది.

4. సామాను

మీ దగ్గరున్న ఫోన్ చాలు. కొనాల్సిందల్లా మైకు, ట్రైపాడ్. ముందు మైకే.

☐ ఫోన్ లేదా కెమెరా, ఏరోప్లేన్ మోడ్‌లో (మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు)
☐ కాలర్ మైక్, దాని మీద బొచ్చు తొడుగు (ఏటి గాలికి మామూలు స్పాంజి ఆగదు)
☐ చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్
☐ ట్రైపాడ్
☐ పవర్ బ్యాంక్, అదనపు కార్డు
☐ మెత్తటి గుడ్డ, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బా
☐ నీళ్లు, తువ్వాలు, పాలిథిన్ కవర్లు

సెట్టింగులు ఒకసారి పెట్టేసి మర్చిపోండి. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇలా పెడితే ట్యూబ్‌లైటు, ఎల్‌ఈడీ వెలుగులో మినుకులు రాకుండా ఉంటాయి. ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లబారిపోతుంది, దానికి లెన్సు ముందు ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లద్దం) పెట్టాలి, అది లేకపోతే ఎండలో మాత్రం షట్టర్ వేగం పెంచుకోండి. ఫోన్‌లో ఉన్న మామూలు కెమెరా యాప్ ఫ్రేముల వేగాన్ని తనకు తోచినట్టు మారుస్తుంటుంది, ఎడిటింగ్‌లో పెదాలు ఒకచోట మాట ఒకచోట అయ్యేది అందుకే. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, మీ ఫోన్‌లో పనిచేస్తే అది వాడండి.

ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. పది పదిహేను నిమిషాలు బ్యాగు బయట పెట్టి ఆగండి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం దగ్గర తీస్తే ఇంటికి రాగానే ఉప్పు తుడవండి.

డ్రోన్ గురించి అడుగుతారు కాబట్టి: మొదటి సినిమాకి వద్దు. తప్పదంటే డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్) మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి. కోరింగ మడ అడవుల్లాంటి అభయారణ్యంలో అయితే డ్రోన్ అనే కాదు, ఏ షూటింగుకైనా అటవీ శాఖని ముందే అడగండి.

5. ధ్వని

బొమ్మ కాస్త ఊగినా జనం చూస్తారు. మాట వినబడకపోతే పది సెకన్లలో వెళ్లిపోతారు. నేను ఇప్పటిదాకా పారేసిన ఫుటేజ్‌లో ఎక్కువ భాగం ధ్వని పాడైనదే.

మన ఊళ్ల శబ్దాలు ముందు వినడం నేర్చుకోండి. తోటలో కాకులు, దూరంగా ఆయిలింజను, పక్క చెరువులో రొయ్యల ఏరేటర్లు, ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకు. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్జు. మన చెవి అలవాటుపడి వీటిని వదిలేస్తుంది, మైకు వదలదు. అందుకే హెడ్‌ఫోన్ పెట్టుకుని రికార్డు నొక్కకుండా ఒక నిమిషం వినండి.

ఫ్రిజ్జు ఆపించాల్సి వస్తే మీ బండి తాళం ఆ ఫ్రిజ్జులో పెట్టండి. వెళ్లేటప్పుడు తాళం కోసం తెరుస్తారు, ఆన్ చేయడం గుర్తొస్తుంది. వాళ్లింట్లో పాలు విరిగిపోయాయంటే రెండోసారి రానిస్తారా?

వరుస ఇది:

☐ మైకు గుండె మీద, గడ్డానికి జానెడు కింద. చొక్కా బొత్తం, గొలుసు, తువ్వాలు రాసుకోకూడదు
☐ మాట గట్టిగా ఉన్నచోట మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, సున్నా తాకకూడదు
☐ కెమెరా, రికార్డర్ వేరైతే మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టండి, తర్వాత కలపడం తేలిక
☐ ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ చోటి నిశ్శబ్దం రికార్డు చేయండి

చివరిది తప్పనిసరి. ఎడిటింగ్‌లో రెండు మాటల మధ్య కత్తిరించినప్పుడు ఆ గొయ్యి పూడ్చేది ఈ నిశ్శబ్దమే. కాకులున్న తోటలో నిశ్శబ్దం వేరు, మధ్యాహ్నం వసారాలో నిశ్శబ్దం వేరు, ఒకదాని బదులు ఒకటి వాడితే అతుకు తెలిసిపోతుంది.

ఇంకో పని కూడా చేయండి. బొమ్మ అవసరం లేకుండా శబ్దాలు విడిగా ఏరుకోండి. కత్తి దెబ్బ, గెల నేల మీద పడ్డ చప్పుడు, ఒలుపు గునపం మీద డొక్క చీలే శబ్దం, కాయలు లారీలోకి విసిరేటప్పుడు ఒకదానికొకటి తగిలే శబ్దం. ఈ నాలుగూ శుభ్రంగా దొరికితే మీ సినిమాకి సంగీతం దాదాపు అక్కర్లేదు.

6. షూటింగ్ రోజు

ముందు భద్రత. దింపు జరిగే చెట్టు కింద, ఆ చుట్టుపక్కల నిలబడకండి. ఎంత మంచి షాట్ కనబడినా సరే. కాయ ఎక్కడ పడుతుందో పైనున్న మనిషి చెబుతాడు, ఆయన చెప్పిన చోటే ట్రైపాడ్.

తోటలో వెలుగు మచ్చలు మచ్చలుగా ఉంటుంది. మొహం మీద సగం ఎండ, సగం నీడ పడితే ఏ కెమెరా అయినా తడబడుతుంది. మనిషిని పూర్తి నీడలోకి తెచ్చి మొహం మీద ఎక్స్‌పోజర్ (వెలుగు కొలత) లాక్ చేయండి. పైకెక్కిన మనిషిని తీసేటప్పుడు వెనకాల ఆకాశం ఉంటుంది. ఆయన నల్లటి నీడలా కనబడాలో, మొహం తెలియాలో మీరే నిర్ణయించుకుని లాక్ చేయాలి. ఆటోలో వదిలేస్తే షాట్ మధ్యలో వెలుగు మారిపోతుంది.

ప్రతి పనికీ ఈ వరుసలో తీయండి:

☐ చోటంతా కనబడే వైడ్ షాట్
☐ మనిషి, పని కలిసి కనబడే షాట్
☐ చేతులు
☐ మొహం, పని చేస్తూండగా
☐ ఆయన చూస్తున్నది ఆయన భుజం మీదుగా
☐ పక్కనున్నవాళ్లు చూస్తున్న చూపు
☐ ఆ పని ముగిసిన క్షణం

ప్రతి షాటూ కదలకుండా పది సెకన్లు. లోపల్లోపల పది లెక్కపెట్టండి. కొత్తవాళ్లంతా మూడో సెకనుకే ఫోన్ తిప్పేస్తారు, ఇంటికొచ్చి చూస్తే వాడుకోవడానికి ఒక్క ముక్కా ఉండదు. మనిషి ఫ్రేములోంచి నడిచి వెళ్లిపోతుంటే వెంటపడకండి, వెళ్లిపోనివ్వండి. ఖాళీ ఫ్రేము ఎడిటింగ్‌లో చాలా అవసరం పడుతుంది.

దింపు, ఒలుపు పనుల్లో ఒక సౌకర్యం ఉంది: అదే పని వందలసార్లు జరుగుతుంది. కాబట్టి "మళ్లీ చేయండి" అని అడగక్కర్లేదు. ఒక కాయకి చేతులు, ఇంకో కాయకి మొహం, మరో కాయకి వైడ్ షాట్ తీసుకుంటే మూడూ కలిసి ఒకే కాయ ఒలిచినట్టు ఉంటుంది.

పిల్లలు మూగుతారు. కసరకండి. మొదటి పది నిమిషాలు వాళ్లకే ఇచ్చేయండి, తీసింది చూపించండి, ఒకరికి షాటు నంబరు రాసే పలక అప్పగించండి. తర్వాత వాళ్లే మిగతావాళ్లని అదిలిస్తారు.

7. ఇంటర్వ్యూ

కెమెరా కనబడగానే మనవాళ్లు రెండు పనులు చేస్తారు. చొక్కా మార్చుకొస్తారు, భాష మార్చేస్తారు. అప్పటిదాకా "ఆయ్, మరేనండి" అంటూ హాయిగా చెప్పిన మనిషి టీవీ వార్తల్లో విన్న తెలుగులోకి వెళ్లిపోతాడు. ఇది వాళ్ల తప్పు కాదు, మనం ప్రశ్న అడిగే తీరు వల్ల వచ్చేది.

దీనికి నాకు పనిచేసిన మార్గాలు మూడు. ఒకటి, కుర్చీ వేయకండి, చేతిలో పని ఉండగా అడగండి. రెండు, అభిప్రాయం కన్నా ముందు చేసే తీరు అడగండి. "ఈ వృత్తి గురించి మీరేమంటారు?" అంటే ప్రసంగం వస్తుంది. "చెట్టెక్కే ముందు ఏం చూసుకుంటారండీ?" అంటే మనిషి వస్తాడు. మూడు, ఆయనకి బాగా తెలిసినవాళ్లతో అడిగించండి. కూతురు "నాన్నా, నువ్వు మొదటిసారి ఎక్కిన చెట్టు ఏది?" అంటే వచ్చే జవాబు మీరెన్నాళ్లు తిరిగినా మీకు రాదు.

మీ గొంతు సినిమాలో ఉండదనుకుంటే ప్రశ్నని కలుపుకుని జవాబు చెప్పమనండి. "ఎన్నేళ్లయింది?" అని అడిగితే "ఇరవై" అని ఆగిపోకుండా "నేను చెట్టెక్కడం మొదలెట్టి ఇరవయ్యేళ్లండి" అనాలి. ఇది ముందే ఒకసారి సరదాగా ప్రాక్టీస్ చేయించండి.

జవాబు అయిపోయాక ఐదు సెకన్లు మీరు నోరు తెరవకండి. ఈ ఐదు సెకన్లు చాలా టెన్షన్‌గా ఉంటాయి. కానీ అసలు మాట తరచూ ఆ ఖాళీలోనే వస్తుంది.

తప్పులు, సర్దుబాట్లు:

"ఊఁ, అవునవును" అని మీరు మాట కలిపేస్తున్నారా? తల ఊపండి, చాలు.
మధ్యలో పెద్దవాళ్లెవరో వచ్చి పక్కన నిలబడ్డారా? ఆపి టీ తాగండి, వాళ్లని విడిగా కూడా తీస్తానని చెప్పండి, నిజంగానే తీయండి.
మనిషి కన్నీళ్లు పెట్టుకున్నాడా? క్లోజప్‌లోకి వెళ్లకండి. ఆపమంటారా అని అడగండి.

8. ఆ రాత్రి, పడుకోకముందు

100 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 100 మెగాబిట్లు) తీసిన ఫుటేజ్ గంటకి సుమారు 45 జీబీ. పది గంటలు తీస్తే 450 జీబీ. ఫోన్‌లో అలాగే ఉంచేస్తే నిండిపోయి ఏదో ఒకటి చెరిపేస్తారు, చెరిపింది కావాల్సిందే అవుతుంది.

☐ రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ. ఒకటి మీ ఇంట్లో, రెండోది ఇంకొకరింట్లో
☐ రెండింటిలోనూ ఫైళ్లు తెరిచి చూశాకే కార్డు ఖాళీ చేయాలి
☐ ఫోల్డర్ పేరు: తేదీ, చోటు, మనిషి
☐ ఈరోజు దొరికినవి, రేపు తీయాల్సినవి నోట్‌బుక్కులో ఒక పేజీ

9. ఎడిటింగ్: ముందు కాగితం మీద

సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిసాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. అయితే వెంటనే తెరవకండి.

మొదట అంతా చూడండి, కత్తిరించకుండా. ఇంటర్వ్యూలు పూర్తిగా రాయండి, సమయంతో సహా. విసుగు పుట్టే పని, అయినా ఎవరికీ అప్పగించొద్దు. రాస్తున్నప్పుడే ఏ మాట బరువైందో చేతికి తెలుస్తుంది. తర్వాత ఒక్కో సీనుకీ ఒక్కో చీటీ రాసి నేల మీద పరిచి వరుస మార్చి చూడండి. చీటీల వరుస చదివితే కథ అర్థమైతేనే టైమ్‌లైన్ తెరవండి.

అప్పుడు ఈ క్రమం: వరుసగా పేర్చిన పొడుగు కూర్పు (అరగంట వచ్చినా కంగారొద్దు), రఫ్ కట్ (కుదించిన చిత్తుప్రతి), ఇద్దరు ముగ్గురికి చూపించడం, ఫైనల్ కట్. బొమ్మ ఇక కదలదు అన్నాకే ధ్వని మిక్సింగ్, రంగులు, సబ్‌టైటిల్స్. ఈ వరుస తప్పితే ప్రతి మార్పుకీ అన్నీ మళ్లీ చేయాలి.

రఫ్ కట్ చూసినవాళ్లని "ఎలా ఉంది?" అని అడగకండి, బాగుందనే అంటారు. "ఎక్కడ ఫోన్ తీశారు? ఎవరెవరో అర్థం కానిది ఎక్కడ?" అని అడగండి.

మొదలు గురించి ఒక మనవి. ఆకాశం నుంచి గోదావరి, వెనక వేణువు, "పచ్చని కోనసీమ" అని ఒక గొంతు... దయచేసి ఇలా మొదలుపెట్టకండి. చీకట్లో కత్తి నూరుతున్న శబ్దంతో మొదలుపెట్టి చూడండి. సినిమా పాటలు వాడకండి, హక్కులు మీవి కావు. సబ్‌టైటిల్ రెండు లైన్లు మించకూడదు, "దింపు" లాంటి మాటని అలాగే ఉంచి మొదటిసారి బొమ్మతో అర్థమయ్యేట్టు చేయండి.

10. మొదట వాళ్లకి, తర్వాత లోకానికి

ఫైనల్ కట్ ఎవరికీ పంపకముందు, అందులో ఉన్న మనిషికి ఆయనింట్లో కూర్చుని చూపించండి. ఇంటివాళ్లు కూడా ఉంటే మంచిది. ఏ ముక్క దగ్గర మొహం మారిందో గమనించండి, నోటితో చెప్పకపోవచ్చు. మూడో మెట్టులో మాటిచ్చారు కదా, తీసేయమంటే తీసేయండి, సినిమా నిమిషం తగ్గినా ఫరవాలేదు.

తర్వాత ఫెస్టివల్స్. ముంబై అంతర్జాతీయ చలనచిత్రోత్సవం డాక్యుమెంటరీలు, లఘుచిత్రాలు, యానిమేషన్ కోసమే జరుగుతుంది. తిరువనంతపురంలో కేరళవాళ్లు డాక్యుమెంటరీలకీ, లఘుచిత్రాలకీ విడిగా ఒక అంతర్జాతీయ ఉత్సవం నడుపుతారు. ఎంట్రీ నియమాలు ఏటా చదవండి, ముందే యూట్యూబ్‌లో పెట్టిన సినిమాని కొన్ని చోట్ల తీసుకోరు. థియేటర్లో జనానికి వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి.

ఊళ్లో చూపించేటప్పుడు తెల్ల దుప్పటి ముడతల్లేకుండా లాగి కట్టండి, ప్రొజెక్టరు అద్దెకి దొరుకుతుంది. చీకటి పూర్తిగా పడ్డాకే వేయండి, కరెంటు పోతే ఏం చేయాలో ముందే చూసుకోండి. స్పీకర్లు తెర పక్కనే ఉండాలి, జనం వెనకాల పెట్టకండి. ఒక గంట ముందే ధ్వని పరీక్షించి, చివరి వరుసలో చాప మీద కూర్చుని మీరే వినండి. ఒలుపు గునపం శబ్దం అక్కడిదాకా స్పష్టంగా వస్తే మాటలు కూడా వస్తాయి. ముందు వరుసలో ఒక కుర్చీ దింపు కార్మికుడికి ఉంచండి, పక్కన ఇంకోటి ఆయన భార్యకి.